జనముల ఆలోచనలు, దేవుని సంకల్పం: బైబిలులో దైవ సార్వభౌమత్వం

సృష్టి మొత్తం మీద అంతిమాధికారం దేవునిదే అన్న నమ్మకాన్ని క్రైస్తవ వేదాంతం దైవ సార్వభౌమత్వం అంటుంది. అందులో రాజ్యాలకు సంబంధించిన పాయ ఒకటి ఉంది. రాజులు పన్నే వ్యూహాలు, చేసే దండయాత్రలు, కుదుర్చుకునే పొత్తులు ఎంత బలమైనవైనా దేవుని సంకల్పాన్ని దాటి పోలేవని ఆ బోధ సారాంశం. పాత నిబంధనలో కీర్తనలు, సామెతలు, ప్రవక్తల గ్రంథాలు, దానియేలు గ్రంథం దీనికి ప్రధాన ఆధారాలు. కొత్త నిబంధనలో సువార్తలు, అపొస్తలుల కార్యములు, రోమీయులకు రాసిన పత్రిక, ప్రకటన గ్రంథం దీన్ని కొనసాగించాయి. ఈ భావన పెద్ద సామ్రాజ్యాల మధ్య నలిగిన ఒక చిన్న రాజ్యంలో, చాలావరకు ఓటమి అనుభవంలోంచి రూపుదిద్దుకుంది. తర్వాతి కాలంలో విజేతలూ దీన్ని తమ కోసం వాడుకున్నారు. దీని చరిత్రలో పెద్ద వివాదాలు చాలావరకు ఈ రెండు స్థితుల మధ్య పుట్టినవే.

పదాలు

హెబ్రీలో 'ఏత్సా' అనే మాటకు సలహా, ఆలోచన, పథకం అని అర్థాలు. రాజు కొలువులో జరిగే మంత్రాంగానికీ ఇదే మాట. 33వ కీర్తన 10, 11 వచనాల్లో ఈ పదం రెండుసార్లు వస్తుంది: జనముల ఏత్సా భంగమైపోతుంది, యెహోవా ఏత్సా తరతరాలు నిలుస్తుంది. 'తలంపులు' అనే అర్థమున్న మరో పదం కూడా అదే పద్ధతిలో రెండు చోట్లా కనిపిస్తుంది. మనుషుల మంత్రాంగానికీ దేవుని మంత్రాంగానికీ కవి కావాలనే ఒకే మాటలు వాడి, రెండింటినీ పక్కపక్కన నిలబెట్టాడు. అదే కీర్తన మరికొంత ముందుకు వెళ్లి, సేన పెద్దదైనంత మాత్రాన రాజు గెలవడని, యుద్ధపు గుర్రాన్ని నమ్ముకోవడం వ్యర్థమని అంటుంది. గుర్రాలూ రథాలూ ఆనాటి అగ్రరాజ్యాల బలానికి గుర్తులు.

ఏత్సా ఎలా భంగమవుతుందో చూపే కథ రెండో సమూయేలు గ్రంథం 17వ అధ్యాయంలో ఉంది. తండ్రి దావీదు మీద తిరగబడిన అబ్షాలోముకు అహీతోపెలు ఒక సలహా ఇస్తాడు: 12,000 మందితో ఆ రాత్రే దావీదును వెంటాడాలి. అది మంచి సలహా. కాని దావీదు మనిషి హూషై సభలో నిలబడి, దేశమంతటి నుంచి సేన సమకూడేదాకా ఆగమని నచ్చజెపుతాడు. అబ్షాలోము ఆ మాటకే మొగ్గుతాడు, చివరికి ఓడిపోతాడు. కథలో అద్భుతమేమీ జరగదు, సభలో ఒకరి వాగ్ధాటి పనిచేస్తుంది, అంతే. అహీతోపెలు మంచి ఆలోచనను చెడగొట్టాలని దేవుడు నిర్ణయించాడని కథకుడు ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగుతాడు. బైబిలు దేవుని ఏలుబడిని చూపే చోట్లలో ఇలాంటివి చాలానే ఉన్నాయి.

ప్రాచీన నేపథ్యం

యుద్ధంలో గెలుపోటములు దేవతల చేతిలో ఉంటాయన్న నమ్మకం ఇశ్రాయేలుకు మాత్రమే చెందినది కాదు. 1868లో నేటి జోర్డాన్‌లోని ధీబాన్‌లో దొరికిన మోయాబు రాజు మేషా శిలాశాసనం క్రీ.పూ. 9వ శతాబ్దిది. ఇశ్రాయేలు రాజు ఒమ్రీ మోయాబును అణచివేయడానికి కారణం తమ దేవుడు కెమోషు తన దేశం మీద కోపించడమేనని అందులో మేషా చెప్పుకున్నాడు. ఓటమిని సొంత దేవుని కోపంగా చదువుకోవడం బైబిలు పాఠకులకు చిరపరిచితమైన పద్ధతి.

ఇశ్రాయేలు ప్రవక్తలు ఇక్కడి నుంచి ఒక అడుగు ముందుకు వేశారు. తమ దేవుడు తమ దేశానికే కాక పొరుగు దేశాలకూ న్యాయాధిపతి అన్నారు. క్రీ.పూ. 8వ శతాబ్దికి చెందిన ఆమోసు గ్రంథం దమస్కు, గాజా, తూరు, ఎదోము, అమ్మోను, మోయాబుల నేరాలను వరుసగా ఎత్తిచూపుతుంది. మోయాబు మీద మోపిన నేరం ఎదోము రాజు ఎముకలను కాల్చడం. ఆ గొడవతో ఇశ్రాయేలుకు ఏ సంబంధమూ లేదు. విన్నవాళ్లు తలలూపుతుండగా ఆ వరుస యూదా మీదికి, చివరికి ఇశ్రాయేలు మీదికే తిరుగుతుంది. అదే గ్రంథం 9వ అధ్యాయంలో ఆమోసు ఇంకా ఘాటుగా మాట్లాడతాడు: ఇశ్రాయేలును ఐగుప్తు నుంచి రప్పించిన దేవుడే ఫిలిష్తీయులను కఫ్తోరు నుంచి, అరామీయులను కీరు నుంచి రప్పించాడట. శత్రువులకూ ఒక నిర్గమనం ఉందన్నమాట.

ఆదికాండం 10వ అధ్యాయం జనాంగాల వంశపట్టికను ఇస్తుంది. సంప్రదాయం ప్రకారం వాటి సంఖ్య 70. ఆ వెంటనే వచ్చే బాబెలు కథలో మనుషులు ఆకాశాన్నంటే గోపురం కట్టబోతారు, భాషలు తారుమారై పని ఆగిపోతుంది. ద్వితీయోపదేశకాండం 32:8 దేవుడు జనాంగాలకు సరిహద్దులు పంచిన తీరును చెబుతుంది. ఆ పంపకం ఇశ్రాయేలు కుమారుల లెక్క ప్రకారం జరిగిందని సంప్రదాయ హెబ్రీ పాఠం అంటుంది. మృత సముద్రపు చుట్టల్లోని ఒక ప్రతిలో అక్కడ 'దేవుని కుమారులు' అని ఉంది. ప్రతి జనానికీ ఒక పరలోక ప్రతినిధి ఉంటాడన్న పాత ఊహకు ఇది ఆనవాలని పండితులు భావిస్తారు. దానియేలు 10వ అధ్యాయంలో పారసీక రాజ్యాధిపతి ఒక దేవదూతను అడ్డుకోవడం అదే ఊహకు కొనసాగింపు.

అష్షూరు: చేతిలోని కర్ర

ఈ బోధకు అత్యంత పదునైన రూపం యెషయా 10వ అధ్యాయంలో ఉంది. అష్షూరు క్రీ.పూ. 722 ప్రాంతంలో ఇశ్రాయేలు రాజధాని సమరయను పడగొట్టి ఆ ఉత్తర రాజ్యాన్ని తుడిచిపెట్టింది. ప్రవక్త ఆ సామ్రాజ్యాన్ని దేవుని చేతిలోని కర్ర అంటాడు. అయితే కర్రకు ఆ సంగతి తెలియదు. దాని మనసులో ఉన్నది అనేక జనాలను నిర్మూలం చేయాలన్న కోరిక ఒక్కటే. పని పూర్తయ్యాక అష్షూరు గర్వానికీ శిక్ష పడుతుంది. గొడ్డలి తనను పట్టినవాడి మీద మిడిసిపడుతుందా అని ప్రవక్త ఎత్తిపొడుస్తాడు. ఒకే దండయాత్రలో రెండు ఉద్దేశాలు: రాజుది దోపిడి, దేవునిది తీర్పు. మొదటిది రెండోదానికి ఉపయోగపడినంత మాత్రాన దోపిడి నేరం మాసిపోదు.

క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు యూదా మీదికి వచ్చినప్పుడు ఈ మాటకు పరీక్ష ఎదురైంది. ఈ దండయాత్రకు బైబిలులోనూ అష్షూరు శాసనాల్లోనూ కథనాలున్నాయి. నీనెవెలో 1830లో దొరికిన ఆరు ముఖాల మట్టి పట్టకం మీద సన్హెరీబు తాను 46 కోటలను పట్టుకున్నానని, యూదా రాజు హిజ్కియాను యెరూషలేములో పంజరంలోని పిట్టలా బంధించానని చెప్పుకున్నాడు. నగరాన్ని పట్టుకున్నానని మాత్రం చెప్పలేదు. హిజ్కియా 30 తలాంతుల బంగారం కప్పం కట్టినట్లు రెండు కథనాలూ అంగీకరిస్తాయి. వెండి లెక్కలో మాత్రం తేడా ఉంది: బైబిలులో 300 తలాంతులు, శాసనంలో 800. యెహోవా దూత ఒక్క రాత్రిలో 1,85,000 మందిని హతమార్చాడని బైబిలు కథనం. లాకీషు కోట పతనాన్ని చెక్కించిన రాతి ఫలకాలు సన్హెరీబు రాజభవనంలో దొరికాయి.

గోడ దగ్గర నిలబడి సన్హెరీబు దూత రబ్షాకే చేసిన ప్రసంగంలో ఒక మాట గమనించదగింది. యెహోవాయే తనను ఈ దేశం మీదికి పంపాడని అతను హెబ్రీలో, జనానికి వినబడేలా అరుస్తాడు. యెషయా బోధించిన సిద్ధాంతమే ఇప్పుడు దండెత్తి వచ్చినవాడి నోట బెదిరింపుగా మారింది. ఈ బోధను ఎవరు, ఎవరి వైపు నిలబడి పలుకుతున్నారన్న ప్రశ్న బైబిలు లోపలే అలా మొదలైంది.

బబులోను: మెడ మీది కాడి

యెషయా కాలంలో యెరూషలేము నిలిచింది గనుక, దేవాలయం ఉన్నంతకాలం నగరానికి ఢోకా లేదన్న ధీమా పెరిగింది. సుమారు వందేళ్ల తర్వాత ప్రవక్త యిర్మీయా దాన్ని తిరగగొట్టాడు. అదే దేవుని పేరిట, అదే నగరం గురించి, పూర్తిగా వ్యతిరేకమైన మాట చెప్పాడు. యూదా రాజు సిద్కియా ఏలుబడిలో ఎదోము, మోయాబు, అమ్మోను, తూరు, సీదోనుల దూతలు యెరూషలేముకు వచ్చారు. బబులోను మీద తిరుగుబాటుకు మంతనాలు జరిగాయి. యిర్మీయా మెడకు కాడి తగిలించుకుని, బబులోను రాజు నెబుకద్నెజరుకు లోబడండని వాళ్ల రాజులకు కబురంపాడు. ఆ రాజును దేవుని 'సేవకుడు' అన్నాడు. హనన్యా అనే మరో ప్రవక్త ఆ కొయ్య కాడిని విరగగొట్టి, రెండేళ్లలో విడుదల వస్తుందని జోస్యం చెప్పాడు. జనానికి నచ్చింది హనన్యా మాట. యిర్మీయాకు దక్కింది ద్రోహి అన్న పేరు, బురద గోతిలో చెర. క్రీ.పూ. 586 ప్రాంతంలో నగరం, దేవాలయం కాలిపోయాయి.

యిర్మీయా 18వ అధ్యాయంలోని కుమ్మరి ఉపమానం ఈ బోధకు మరో కోణం ఇస్తుంది. సారె మీద చెడిపోయిన మట్టిని కుమ్మరి మరో కుండగా మలుస్తాడు. అలాగే నాశనం తప్పదన్న తీర్పు విన్న జనం దుష్టత్వం మానితే తీర్పు మారుతుంది, మేలు జరుగుతుందన్న మాట పొందిన జనం చెడిపోతే ఆ మేలు పోతుంది. యోనా గ్రంథంలో నీనెవె పశ్చాత్తాపపడి తప్పించుకోవడం ఇందుకు ఉదాహరణ. దేవుని సంకల్పాన్ని తలరాతతో సమానంగా చూడడానికి ఈ భాగాలు అడ్డుపడతాయి.

కోరెషు: తెలియకుండానే సాధనం

క్రీ.పూ. 539లో పారసీక రాజు కోరెషు బబులోనును జయించాడు. యెషయా 45వ అధ్యాయం అతణ్ణి యెహోవా 'అభిషిక్తుడు' అంటుంది. మెస్సీయ అన్న మాటకు మూలమైన ఈ బిరుదు బైబిలులో మరే అన్యదేశ రాజుకూ దక్కలేదు. ఆ వెంటనే, కోరెషు తనను ఎరుగడని దేవుడే రెండుసార్లు అంటాడు. యెషయా 40 నుంచి 55 వరకు ఉన్న అధ్యాయాలు యూదావాళ్ల బబులోను చెర చివరి కాలంలో రాసినవని ఆధునిక పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. సంప్రదాయవాదులు వీటిని 8వ శతాబ్దపు ప్రవచనాలుగానే చదువుతారు.

1879లో బబులోను శిథిలాల్లో దొరికిన కోరెషు మట్టి స్తూపిక మరో కథ చెబుతుంది. కోరెషును ఎంచుకున్నది బబులోను దేవుడు మర్దూకు అని దాని సారాంశం. అందులో యూదా ప్రస్తావనగాని యెరూషలేము ప్రస్తావనగాని లేదు. ఒకే విజయాన్ని రెండు మతాలు తమ తమ దేవునికి ఆపాదించాయి. తేడా ఏమిటంటే, మర్దూకు పూజారులు కొత్తగా గెలిచిన ప్రభువును కీర్తించారు. యూదా చెరవాసులకు రాజు లేడు, సైన్యం లేదు, దేవాలయమూ లేదు. అంతటి పరాయి చక్రవర్తి కూడా తమ దేవుని పనిలో ఉన్నాడని వాళ్లు అన్నారు.

దానియేలు: రాజ్యాల వరుస

దానియేలు గ్రంథం ఈ ఆలోచనను చరిత్ర మొత్తానికి విస్తరిస్తుంది. 2వ అధ్యాయంలో నెబుకద్నెజరు కలగన్న ప్రతిమకు బంగారు తల, వెండి రొమ్ము, ఇత్తడి తొడలు, ఇనుప కాళ్లు, ఇనుమూ మట్టీ కలిసిన పాదాలు. మనిషి చేయి తగలని రాయి ఒకటి దొర్లివచ్చి దాన్ని పొడి చేస్తుంది. 7వ అధ్యాయంలో అదే రాజ్యాల వరుస నాలుగు క్రూరమృగాలుగా మారుతుంది. 4వ అధ్యాయంలో గర్వించిన రాజు పశువులా గడ్డి మేస్తాడు. 5వ అధ్యాయంలో బబులోను రాజు బెల్షస్సరు విందుశాల గోడ మీద కనిపించిన మెనే, టెకేల్, ఉఫార్సీన్ అనే మాటలు తూకపు రాళ్ల పేర్లు కూడా. రాజ్యాన్ని త్రాసులో పెట్టి తూచారు, తూకం తగ్గిందని తేలింది.

గ్రంథంలోని కథల స్థలం బబులోను. కాని గ్రీకు వంశపు రాజు అంతియొకస్ ఎపిఫనేస్ యెరూషలేము దేవాలయాన్ని అపవిత్రం చేసిన క్రీ.పూ. 167-164 మధ్య ఈ గ్రంథం నేటి రూపం పొందిందని చాలామంది పండితులు భావిస్తారు. ఆ లెక్కన దీని తొలి పాఠకులు హింస పడుతున్నవాళ్లు. సామ్రాజ్యాలకు గడువు ఉందన్న మాట వాళ్లకు ఊరట.

కొత్త నిబంధనలో

లూకా సువార్త యేసు జననాన్ని ఔగుస్తు చక్రవర్తి జనాభా లెక్కల ఆజ్ఞతో ముడిపెడుతుంది. రోమా పరిపాలన అవసరం కోసం వెలువడిన ఆజ్ఞ, నజరేతు దంపతులను దావీదు ఊరైన బేత్లెహేముకు చేర్చింది. ఆ లెక్కల తేదీ మీద చరిత్రకారుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. కథ చెప్పదలచింది మాత్రం స్పష్టం: చక్రవర్తి తెలియకుండానే ఒక ప్రవచనానికి దారి చేశాడు. మొదటి అధ్యాయంలోని మరియ గీతంలో దేవుడు బలవంతులను గద్దెల మీది నుంచి దించుతాడు, దీనులను పైకెత్తుతాడు.

యోహాను సువార్తలో, పైనుంచి ఇవ్వకపోతే తన మీద నీకు అధికారమే లేదని యేసు పిలాతుతో అంటాడు. ఆ మాటతోపాటే తనను అప్పగించినవాడి పాపం గురించీ మాట్లాడతాడు. అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయంలో బెదిరింపులకు గురైన విశ్వాసులు, జనములు ఎందుకు అల్లరి చేస్తున్నాయని అడిగే 2వ కీర్తనను గుర్తు చేసుకుంటారు. హేరోదు, పిలాతు, అన్యజనులు, ఇశ్రాయేలు ప్రజలు కలిసి చేసిన పన్నాగం దేవుడు ముందే నిర్ణయించినదాన్నే నెరవేర్చిందని ప్రార్థిస్తారు. క్రైస్తవ విశ్వాసంలో సిలువ ఈ బోధకు కేంద్రం: అధికారుల అతిపెద్ద అన్యాయమే రక్షణకు మార్గమైంది.

రోమీయులకు రాసిన పత్రిక 13వ అధ్యాయం అధికారులు దేవుని వల్ల నియమితులని, వాళ్లకు లోబడాలని చెబుతుంది. ప్రకటన గ్రంథం 13వ అధ్యాయంలో అదే రోమా సముద్రంలోంచి లేచిన మృగం. మొదటిది క్రీ.శ. 57 ప్రాంతంలో, నీరో పాలన తొలినాళ్లలో రాసినది. రెండోది శతాబ్ది చివర్లో, దొమీషియన్ కాలంలో వెలువడిందని ఎక్కువమంది అభిప్రాయం. రాజ్యం పట్ల క్రైస్తవ వైఖరి మీద జరిగిన చర్చలు చాలావరకు ఈ రెండు అధ్యాయాల నడుమ తిరిగాయి. ప్రకటన గ్రంథం 18వ అధ్యాయంలో మహా బబులోను కూలిపోతుంటే వర్తకులు ఏడుస్తారు. అమ్ముడుపోని వాళ్ల సరుకుల జాబితా బంగారంతో మొదలై మనుషులతో ముగుస్తుంది.

చెడుతనం, బాధ్యత

కల్దీయులు, అంటే బబులోనువాళ్లు, దేవుని సాధనమైతే, తమకంటే నీతిమంతులను వాళ్లు మింగేయడం న్యాయమా? ఈ ప్రశ్నను వేసినవాడు ప్రవక్త హబక్కూకే. అతనికి దొరికిన జవాబు రెండు భాగాలు: నీతిమంతుడు నమ్మకంతో ఓపిక పట్టాలి, దోచుకున్నవాడికి వంతు తప్పదు. ఆదికాండం చివర్లో యోసేపు తన అన్నలతో అనే మాట ఇదే సూత్రాన్ని కుటుంబ స్థాయిలో చూపుతుంది: వాళ్లు కీడు తలచారు, దేవుడు మేలు తలచాడు. ఐగుప్తు రాజు ఫరో హృదయం కఠినం కావడం మరింత చిక్కు ముడి. నిర్గమకాండం కొన్ని చోట్ల దేవుడు దాన్ని కఠినపరిచాడని, కొన్ని చోట్ల ఫరోనే కఠినపరచుకున్నాడని అంటుంది.

ఈ ముడిని విప్పడానికి వేదాంతులు వేరువేరు దారులు వెతికారు. దేవుడు మూలకారణం, మనుషులు నిజమైన ద్వితీయ కారణాలు అని 13వ శతాబ్దిలో థామస్ అక్వినాస్ వివరించాడు. దైవ సంకల్పం చూసీచూడనట్లు ఊరుకోవడం కాదు, చురుకుగా నడిపించడమేనని జాన్ కాల్విన్ పట్టుబట్టాడు. స్వేచ్ఛగల మనిషి ఏ పరిస్థితిలో ఏం చేస్తాడో దేవునికి ముందే తెలుసని, ఆ ఎరుకతోనే చరిత్రను అల్లుతాడని స్పెయిన్ జెసూట్ లూయిస్ డి మొలీనా 1588లో ప్రతిపాదించాడు. భవిష్యత్తులో కొంత భాగం దేవునికి కూడా తెరిచి ఉంటుందని 20వ శతాబ్ది చివర్లో కొందరు ఎవాంజెలికల్ రచయితలు వాదించి పెద్ద దుమారం రేపారు.

వ్యాఖ్యాన చరిత్ర

4వ శతాబ్దిలో రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ క్రైస్తవుల పక్షం చేరగానే చరిత్రకారుడు యూసేబియస్ అతని గెలుపును దేవుని పథకంగా కీర్తించాడు. 410లో గోతుల రాజు అలారిక్ రోమును దోచుకున్నప్పుడు ఆ లెక్క తప్పింది. హిప్పో బిషప్ అగస్టీన్ 413 నుంచి 426 వరకు రాసిన 'దేవుని నగరం'లో దేవుని రాజ్యాన్ని ఏ సామ్రాజ్యంతోనూ ముడిపెట్టడానికి నిరాకరించాడు. దేవుడు రాజ్యాలను మంచివాళ్లకూ ఇస్తాడు, చెడ్డవాళ్లకూ ఇస్తాడు కనుక గెలుపు దైవానుగ్రహానికి రుజువు కాదన్నాడు. న్యాయం లేని రాజ్యం పెద్ద దొంగలముఠా అన్న ఘాటైన పోలిక కూడా ఆయనదే.

అమెరికా అంతర్యుద్ధం ముగియబోతుండగా 1865 మార్చి 4న అధ్యక్షుడు అబ్రహాం లింకన్ చేసిన ప్రసంగం ఈ సంప్రదాయంలో రాజకీయ నాయకుడి నోట వచ్చిన అరుదైన ఉదాహరణ. రెండు పక్షాలూ ఒకే బైబిలు చదివాయని, ఒకే దేవునికి మొక్కాయని, ఎవరి మొక్కూ పూర్తిగా చెల్లలేదని ఆయన గుర్తు చేశాడు. యుద్ధాన్ని బానిసత్వమనే పాపానికి ఉత్తర దక్షిణాలు రెండింటి మీదా పడిన తీర్పుగా చదివాడు.

హిట్లర్ అధికారానికి రావడం దేవుని కార్యమని 'జర్మన్ క్రైస్తవులు' అనే ఉద్యమం ప్రచారం చేసినప్పుడు, 1934 మే నెలలో బార్మెన్‌లో సమావేశమైన సంఘ ప్రతినిధులు దాన్ని తిరస్కరించారు. కార్ల్ బార్త్ ప్రధానంగా రచించిన ఆ ప్రకటన, న్యాయాన్నీ శాంతినీ కాపాడే పని రాజ్యానికి దేవుడు అప్పగించినదేనని ఒప్పుకుంది. మనిషి జీవితం మొత్తానికి తానే హద్దు గీస్తానన్న రాజ్యాన్ని మాత్రం ఒప్పుకోలేదు. 1985లో దక్షిణాఫ్రికా వేదాంతులు వెలువరించిన కైరోస్ పత్రం, వర్ణవివక్షను సమర్థించడానికి రోమీయులకు రాసిన పత్రిక 13వ అధ్యాయాన్ని వాడుకోవడాన్ని 'రాజ్య వేదాంతం' అని పేరుపెట్టి ఖండించింది. యెషయా పక్షమా, రబ్షాకే పక్షమా అన్నదే ఈ ఘట్టాలన్నింటిలో తేలవలసి వచ్చిన విషయం.

తెలుగు బైబిలులో

ప్రచారంలో ఉన్న తెలుగు అనువాదం ఏత్సాకు తరచూ 'ఆలోచన' అనే మాట వాడుతుంది. క్రిస్మస్ వేళ చదివే యెషయా 9వ అధ్యాయంలోని 'ఆలోచనకర్త' అనే బిరుదు కూడా హెబ్రీలో ఏత్సా ధాతువు నుంచి వచ్చిందే. తెలుగు క్రైస్తవులు ఆ బిరుదును సలహా చెప్పే ఆప్తుడన్న అర్థంలో తీసుకోవడం సహజమే. మూలంలో మాత్రం అది రాజ్యతంత్రానికి సంబంధించిన మాట.

హెబ్రీలో 'గోయ్', గ్రీకులో 'ఎత్నోస్' అంటే జనాంగం. అబ్రాహాముకు ఇచ్చిన వాగ్దానంలో ఇశ్రాయేలు కూడా ఒక గోయ్. తెలుగులో మాత్రం ఇశ్రాయేలు గురించి చెప్పేచోట 'జనము', ఇతరుల గురించి చెప్పేచోట చాలాసార్లు 'అన్యజనులు' అని వస్తుంది. ఆమోసు చెరిపివేయబోయిన గీతను ఆ 'అన్య' శబ్దం మళ్లీ గీస్తుంది. బైబిలు చివరి రెండు అధ్యాయాల్లో జనాంగాలు దేవుని నగరపు వెలుగులో నడుస్తాయి, జీవవృక్షపు ఆకులు వాటిని బాగుచేస్తాయి. అక్కడ తెలుగు అనువాదం కూడా 'జనములు' అనే అంటుంది.